కొత్త కరణాలు, శుక్రవారం షీట్లు

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర అయ్యిందంటే మా ఫ్లోర్లో ఒక పూజ మొదలవుతుంది. మేనేజరు సీట్లోంచే ఒక కేక: "షీటు వెళ్ళిందా?" ఎవడో ఒకడు (రెండేళ్ళపాటు ఆ ఎవడో నేనే) ట్రాకర్ తెరిచి, ఫిల్టర్ పెట్టి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలుని ఎక్సెల్లో తెరుస్తాడు. అక్కర్లేని కాలమ్స్ పీకేస్తాడు. మొదటి వరసకి నీలం రంగు పూస్తాడు. క్లోజయినవాటికి ఆకుపచ్చ, ఆగిపోయినవాటికి ఎరుపు, ఎటూ తేలనివాటికి పసుపు. చివర ఒక పివట్ పెట్టి, ఫైలు పేరు పక్కన "ఫైనల్" అని తగిలించి మెయిల్ కొడతాడు. సోమవారానికి అది "ఫైనల్ 2" అవుతుంది. బుధవారానికి "ఫైనల్ ఫైనల్ కొత్తది". ఈలోపు ట్రాకర్లో ఉన్న అసలు ఇష్యూలు వాటి దారిన అవి మారిపోతూనే ఉంటాయి.

ఇది చదువుతున్నవాళ్ళలో సగం మందైనా ఈ పూజలో పూజారులో, కనీసం ప్రసాదం తిన్నవాళ్ళో అయ్యుంటారు. ఎవర్నీ నొప్పించాలని కాదు గానీ, ఈ మాట ఇంక కడుపులో దాచుకోలేను. ట్రాకర్లోంచి తీసిన షీటు పట్టుకుని మనుషుల్ని కొలవడం తప్పు. చిన్నాచితకా తప్పు కాదు, పెద్ద తప్పే. ఆ తప్పులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ కథ కాస్త ఆగి చెప్తాను. ముందు అసలు ట్రాకర్ ఎందుకు పెట్టుకున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం.

1998లో మొజిల్లా ప్రాజెక్టు మొదలైనప్పుడు దాంతోపాటే బగ్‌జిల్లా కూడా జనానికి అందుబాటులోకి వచ్చింది. 2002లో అట్లాసియన్ వాళ్ళు జిరా తెచ్చారు. ఆ పేరు కూడా బగ్‌జిల్లా మీద సరదాకి పెట్టిందే. గాడ్జిల్లాని జపాన్ వాళ్ళు గోజిరా అంటారు, అందులోంచి ముందక్షరం కోసేస్తే జిరా. 2006లో రెడ్‌మైన్ వచ్చింది. వీటి ముఖాలు వేరైనా గుండెకాయ ఒకటే. ఏ ఇష్యూ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దాని స్టేటస్ ఎవరు మార్చారు, ప్రయారిటీ ఎవరు తగ్గించారు, ఎన్ని గంటలకి తగ్గించారు అన్నది మొత్తం చరిత్రలా దాని కింద పేరుకుంటూ పోతుంది. ఎవరైనా ఒక ఇష్యూని చెప్పాపెట్టకుండా క్లోజ్ చేస్తే, వాళ్ళ పేరు, టైము అక్కడ పడతాయి. కావాలంటే అడగొచ్చు, "గురూగారూ, ఎందుకు మూసేశారు?" అని.

అదే ఇష్యూ షీటులోకి వచ్చేసరికి ఒక వరస అవుతుంది. ఆ చరిత్ర అంతా పోతుంది. జిరా నుంచి సీఎస్వీ తీస్తే ఇప్పుడున్న స్టేటస్ వస్తుంది కానీ, ఆ స్టేటస్ కి ఎన్నిసార్లు వెళ్ళి ఎన్నిసార్లు వెనక్కొచ్చిందో రాదు. నాలుగుసార్లు రీఓపెన్ అయిన బగ్గూ, ఒక్క దెబ్బకి సరైపోయిన బగ్గూ షీటులో పక్కపక్కన "క్లోజ్డ్" అని బుద్ధిగా కూర్చుంటాయి. కామెంట్లు ఎక్కువున్న ఇష్యూ అయితే "కామెంట్" అనే పేరుతోనే ఇరవై కాలమ్స్ వస్తాయి. వాటిని చూడగానే మనవాడు చేసే మొదటి పని ఆ కాలమ్స్ అన్నీ డిలీట్ చెయ్యడం. అసలు కథంతా వాటిలోనే కదా ఉండేది!

ఇంకో సంగతి. షీటులో ఒక గడి మారిస్తే ఎవరు మార్చారో ఎవరికీ తెలీదు. మెయిల్లో నాకొచ్చిన షీటులో ఎరుపుని పసుపు చేసి నేను మీకు పంపితే, మీకు పసుపే నిజం. మీరు దాన్ని ఆకుపచ్చ చేసి క్లయింటుకి పంపితే, క్లయింటుకి అదే నిజం. అమెరికాలో ఉన్న ఆయన ఆకుపచ్చ చూసి సంతోషంగా నిద్రపోతాడు, ఇక్కడ మనం ఆ ఎరుపుని పట్టుకుని శనివారం ఆఫీసులో కూర్చుంటాం.

మా తాతయ్య చెప్పేవాడు, వాళ్ళ ఊళ్ళో కరణం గారి గురించి. పొలం ఎవరిదో ఊరందరికీ తెలుసు. కానీ కరణం గారి పుస్తకంలో ఏం రాసుంటే అదే లెక్క. పొలం దున్నేవాడికి ఆ పుస్తకం చూసే దారి లేదు, చూసినా చదవడం రాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో ఆ వ్యవస్థని రద్దు చేసింది. ఊళ్ళో పోయిన కరణాలు మన టెక్ పార్కుల్లో మళ్ళీ పుట్టారని నా అనుమానం. పొలం ట్రాకర్లో ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. లెక్క మాత్రం ఎవరి లాప్‌టాప్‌లోనో ఉన్న షీటులో ఉంది. నేనూ రెండేళ్ళు కరణీకం చేశాను :)

సరే, మారిస్తేనే కదా గొడవ, ఎవరూ ముట్టుకోకపోతే షీటు నిజమే చెప్తుంది కదా అంటారేమో. అక్కడికే వస్తున్నా. ముట్టుకోకుండానే అబద్ధం చెప్పగలదు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇవి తెలిసే ఉండాలి, కానీ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఎవరికీ గుర్తుండవు.

ఒకటి, తేదీలు. ట్రాకర్ 05/03/2024 అని ఇచ్చింది. మన లెక్కలో అది మార్చి 5. లాప్‌టాప్ అమెరికా సెట్టింగులో ఉంటే ఎక్సెల్ దాన్ని నోరు మెదపకుండా మే 3 చేస్తుంది. దాని కింద వరసలో 25/03/2024 ఉంటే, ఇరవై ఐదో నెల అనేది లేదు కాబట్టి దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తప్పు తేదీలు, కొన్ని అసలు తేదీలే కానివి. దీనిమీద "సగటున ఎన్ని రోజుల్లో క్లోజ్ చేశారు" అని మనం ఫార్ములా వేస్తాం. దశాంశం తర్వాత రెండంకెలతో సహా జవాబొస్తుంది. ఆ రెండంకెలు చూసి అందరూ నమ్ముతారు.

రెండు, వెర్షన్లు. రిలీజ్ 1.10లో సరిచేసిన బగ్గు షీటులో 1.1 అయిపోతుంది. తొమ్మిది రిలీజులు వెనక్కి వెళ్ళిపోయామన్నమాట. పదిహేను అంకెలు దాటిన నంబరు ఏదైనా ఉంటే (ట్రాన్సాక్షన్ నంబర్లు అలాగే ఉంటాయి) పదిహేను తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. ఆ నంబరు పట్టుకుని లాగుల్లో వెతికితే దొరకదు. దొరకలేదు కాబట్టి "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని మూసేసినవాణ్ణి నేను చూశాను.

మూడు, మన భాష. తెలుగు యాప్ మీద పనిచేసేవాళ్ళకిది బాగా తెలుసు. బగ్గు వివరంలో తెలుగు వాక్యం ఉంటే, ట్రాకర్ దాన్ని యూటీఎఫ్-8లో సరిగ్గానే రాస్తుంది. కానీ ఆ సీఎస్వీ మొదట్లో బామ్ అనే చిన్న గుర్తు లేకపోతే, డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్సెల్‌కి అది యూటీఎఫ్ అని తెలియకపోవచ్చు. మన ఒత్తులూ గుణింతాలూ మాయమై, నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లీషు "ఎ"లు, డిగ్రీ గుర్తులు వరసకట్టి కనిపిస్తాయి. దాన్ని చూసి "డేటా కరప్ట్ అయింది" అని ఇంకో బగ్గు రాసిన మహానుభావులున్నారు.

నాలుగు, భద్రత. బయటి వినియోగదారులు కూడా ఇష్యూ రాయగలిగే ట్రాకర్ అయితే, టైటిల్‌ని ఈక్వల్ గుర్తుతో మొదలుపెట్టి అందులో ఫార్ములా రాయొచ్చు. ట్రాకర్లో అది ఉత్త మాటే. షీటులో తెరిస్తే ఫార్ములాగా నడవొచ్చు. దీన్ని సీఎస్వీ ఇంజెక్షన్ అంటారు, భద్రత వాళ్ళ పాఠాల్లో దీనికి ప్రత్యేకంగా చోటుంది.

ఐదు, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, హద్దు. చాలా ట్రాకర్లు ఎన్ని ఇష్యూలున్నా అన్నీ ఇవ్వవు. రెడ్‌మైన్‌లో ఎక్స్‌పోర్ట్ హద్దు మామూలుగా 500. జిరాని సొంత సర్వర్లో పెట్టుకున్నవాళ్ళకి 1000. ఎడ్మిన్ కావాలంటే పెంచుకోవచ్చు. పెంచకపోతే వచ్చిన ఫైలులో "ఇంకా ఉన్నాయి, మేం ఇవ్వలేదు" అని ఒక్క వరస కూడా ఉండదు. సీఎస్వీ నోరులేని ఫైలు. 2005లో దానికి ఆర్‌ఎఫ్‌సీ 4180 అని ఒక పద్ధతి రాసిపెట్టారు గానీ, అందులో కామాలూ కొటేషన్లూ ఎలా పెట్టాలో ఉంది తప్ప, "నేను సగం ఫైలుని" అని చెప్పుకునే ఏర్పాటు లేదు.

ఇవన్నీ మనలాంటి చిన్నవాళ్ళ పొరపాట్లే అనుకోకండి. సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లున్న జన్యువులని ఎక్సెల్ సెప్టెంబరు 2, మార్చి 1 చేసేసేది. 2016లో అచ్చయిన ఒక పరిశోధన, జన్యువుల జాబితాలని ఎక్సెల్లో జతచేసిన పేపర్లలో ఇంచుమించు ఐదోవంతులో ఈ తప్పులున్నాయని తేల్చింది. చివరికి 2020లో జన్యువులకి పేర్లు ఖరారు చేసే కమిటీ వాళ్ళే లొంగిపోయి, ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు. సైన్సు తలవంచింది, ఎక్సెల్ వంచలేదు. అక్కర్లేని మార్పులు కొన్నిటిని ఆపుకునే సెట్టింగులు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో. అవి మీలో ఎంతమంది లాప్‌టాప్‌లో ఆన్ చేసి ఉన్నాయి? చెయ్యెత్తండి. ఊఁ.. అదే.

హద్దు సంగతికొస్తే, అదే 2020లో ఇంగ్లండులో జరిగింది చూడండి. కోవిడ్ ల్యాబులు పంపిన సీఎస్వీలని అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి. కొత్తదాంట్లో అయితే 10,48,576. ఒక్కో కేసు కొన్నేసి వరసలు తీసుకునేది. హద్దు నిండాక మిగతావి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. పాజిటివ్ వచ్చినవాళ్ళకి తమకి వచ్చిందని తెలుసు. కానీ వాళ్ళు కలిసిన జనాన్ని వెతికి హెచ్చరించే పని ఆలస్యమైంది. ఎక్కడా ఎర్రర్ రాలేదని గమనించండి. లెక్క మాత్రం తగ్గింది.

ఇప్పుడు నా కథ.

ఎప్రైజల్స్ టైము. మా మేనేజరు వచ్చి, "బాసూ, ఈ ఆర్నెల్లలో టెస్టర్లు ఎవరెన్ని బగ్గులు రాశారో ఒక షీటు తీసివ్వవా? మధ్యాహ్నం హెచ్చార్ వాళ్ళతో మీటింగుంది" అన్నాడు. నాకది పది నిమిషాల పని. శుక్రవారం పూజ కోసం మాక్రో రాసుకుని ఉన్నాను, దాన్ని చూసుకుని మురిసిపోతుండేవాణ్ణి కూడా. ఫిల్టర్ పెట్టాను, ఎక్స్‌పోర్ట్ నొక్కాను, పివట్ వేశాను, పంపాను. "నువ్వు కత్తి బాసూ" అని జవాబొచ్చింది. ఆ రోజు కాంటీన్లో సమోసా కాస్త ఎక్కువ రుచిగా ఉన్న మాట నిజం.

మా ట్రాకర్ కంపెనీ సర్వర్లోనే ఉండేది. ఎక్స్‌పోర్ట్ హద్దు 1000. ఆ ఫిల్టర్‌కి తగిలిన ఇష్యూలు 1,612. కొత్తవి ముందు, పాతవి వెనక అనే వరసలో ఉన్నాయి. వచ్చినవి కొత్త వెయ్యి. రాలిపోయినవి పాత 612.

మా టీములో ఒకమ్మాయి ఆ ఆర్నెల్లలో మొదటి మూడు నెలలు పేమెంట్ మాడ్యూల్ టెస్ట్ చేసింది. తర్వాతి మూడు నెలలు ఆటోమేషన్ స్క్రిప్టులు రాయమన్నారు, రాసింది. ఆమె రాసిన బగ్గులు 143. అందులో 124 ఆ పాత 612లో ఉన్నాయి. నా షీటులో ఆమె పేరు పక్కన పడింది 19.

పివట్ అడుగున మొత్తం ఎంతుందో తెలుసా? సరిగ్గా 1000. ఎంత గుండ్రంగా ఉందో చూడండి! ఆ మీటింగులో కూర్చున్నవాళ్ళంతా ఇంజనీరింగ్ చదివినవాళ్ళే. ఆర్నెల్ల బగ్గులు సరిగ్గా వెయ్యి ఎలా అయ్యాయని ఒక్కరూ అడగలేదు. వాళ్ళదాకా ఎందుకు, పంపిన నాకే తట్టలేదు.

ఆమెకి అందరికన్నా తక్కువ రేటింగ్ వచ్చింది. పీఐపీలో పెట్టారు. రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు నా సీటు దగ్గరికొచ్చి, "నువ్వేగా ఆ షీటు తీసింది? ఒక్కసారి చూడవూ. నావి పంతొమ్మిది కాదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ఇద్దరం ట్రాకర్ తెరిచి ఆమె పేరుతో వెతికాం. 143. అర నిమిషం పట్టింది.

ఆ 143లో ఒకటుంది. రిఫండ్ బటన్ రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే రెండుసార్లు డబ్బు వెనక్కెళ్ళేది. రిలీజుకి నాలుగు రోజుల ముందు పట్టుకుంది. అది బయటికెళ్ళుంటే క్లయింటు మమ్మల్ని ఏం చేసేవాడో ఊహించుకోండి. షీటులో దానికో వరస. "సబ్మిట్" స్పెల్లింగు తప్పు అని ఇంకొకరు రాసినదానికీ ఒక వరసే. నా షీటుకి ఆ రెండూ సమానం. పైగా ఈ రిఫండ్ వరస ఆ రాలిపోయిన 612లో ఉంది.

వెంటనే మేనేజరు దగ్గరికెళ్ళి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ జవాబు ఏంటంటే, "రేటింగులు లాకైపోయాయి బాసూ. నెక్స్ట్ సైకిల్లో చూసుకుందాం." నెక్స్ట్ సైకిల్ దాకా ఆమె ఆగలేదు. రెండు నెలలకి పేపర్లు పెట్టేసింది. వెళ్ళే రోజు నాతో అన్న మాట ఇది: "డబ్బుల సంగతి సరే. నా పేరు పక్కన పంతొమ్మిది అని ఉన్న ఆ షీటు ఇంకా ఎంతమంది ఇన్‌బాక్సుల్లో ఉందో!"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ట్రాకర్లో తప్పుంటే సరిచేస్తే అందరికీ సరైపోతుంది. షీటులో తప్పుంటే ఎన్ని కాపీలు పోయాయో అన్నిచోట్లా తప్పుగానే బతుకుతుంది. నేను సరైన షీటు తీసి మళ్ళీ అందరికీ పంపాను. ఎవరు తెరిచుంటారు? పాత ఎప్రైజల్ షీటు రెండోసారి తెరిచే తీరిక ఎవడికుంది?

ఇక్కడ మీలో కొందరికి నా మీద కోపం రావాలి. "హద్దు చూసుకోకపోవడం నీ బుద్ధితక్కువ. మధ్యలో షీటునంటావేం?" అని. ఒప్పుకుంటాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నాది గుప్పెడు నిండా ఉంది. కానీ ఒక్క ప్రశ్న. శుక్రవారం సాయంత్రం షీట్లు తీసే ఒక కుర్రాడి పొరపాటుతో ఇంకొకరి జీతం, పేరు పోయే పద్ధతి మంచి పద్ధతేనా? ఆ షీటుని ఆమెకి ముందు చూపించి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. చూపించలేదు. ఎందుకంటే షీటు ఆమెది కాదు, ఆమె గురించినది. కరణం పుస్తకం రైతుకి చూపించరు కదా!

రెండో వాదన: "మేనేజరుకి పది ప్రాజెక్టులుంటాయి, ప్రతి టికెట్ తెరిచి చదవమంటావా?" ప్రాజెక్టు ఎలా ఉందో చూడ్డానికి అక్కర్లేదు. అందుకే ట్రాకర్లో డాష్‌బోర్డులున్నాయి, అవి అప్పటికప్పుడు లెక్కేస్తాయి. కానీ ఒక మనిషికి తక్కువ రేటింగ్ వేస్తున్నప్పుడు ఆ మనిషి రాసిన పది టికెట్లు చదవలేనంత తీరికలేకపోతే, రేటింగ్ వేసే అధికారం కూడా తీరికున్నవాళ్ళకి ఇచ్చేయాలి. అంతే.

మూడో వాదన: "నంబర్లు లేకపోతే మేనేజరు ఇష్టారాజ్యం అవుతుంది. తన మనిషికి మంచి రేటింగ్, గిట్టనివాడికి చెడ్డది." ఇది మంచి వాదన, తేలిగ్గా కొట్టిపారెయ్యను. పక్షపాతం మనందరం రుచి చూసినవాళ్ళమే. కానీ నంబరు పక్షపాతాన్ని పోగొట్టదు, దానికి ఇస్త్రీ చొక్కా తొడుగుతుంది. ఏ ఫిల్టర్, ఏ తేదీల మధ్య, ఏ కాలమ్ అన్నది ఎంచుకునేది మనిషే కదా. పైగా ఏదైనా కొలతని లక్ష్యంగా పెడితే ఆ కొలత చెడిపోతుందని గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రమే ఉంది, 1975 నాటిది. ఆయన చెప్పింది బ్యాంకుల డబ్బు గురించి. మా ఫ్లోర్లో దానికి రుజువు తర్వాతి ఆర్నెల్లలోనే కనిపించింది. బగ్గులు లెక్కపెడుతున్నారని తెలిశాక, ఒక స్క్రీన్లో అయిదు చోట్ల అలైన్‌మెంటు తప్పుంటే అయిదు బగ్గులు రాయడం మొదలెట్టారు. డెవలపర్లు "ఇది ఒకటే" అని డూప్లికేట్ కొట్టడం, వాళ్ళు మళ్ళీ తెరవడం. రిఫండ్ లాంటి బగ్గు వెతకాలంటే రెండు రోజులు తలబద్దలు కొట్టుకోవాలి. ఆ రెండు రోజుల్లో ఇరవై అలైన్‌మెంటులు దొరుకుతాయి. ఎవరు వెతుకుతారు చెప్పండి?

నాలుగోది: "క్లయింటుకి లాగిన్ లేదు, లైసెన్సు ఖరీదెక్కువ, షీటు పంపక తప్పదు." నిజమే, పంపండి. ఎక్స్‌పోర్ట్ బటన్ పీకెయ్యమని నేననడం లేదు. నిజానికి ఆ బటన్ మన హక్కు. మన డేటా మన చేతికి రాని ట్రాకర్ కొనడం, తలుపు లేని ఇంట్లోకి దిగడం లాంటిది. గూగుల్ కోడ్ మూసేస్తున్నామని 2015 మార్చిలో ప్రకటించారు, 2016 జనవరికి మూసేశారు. అందులో ఇష్యూలు పెట్టుకున్న ప్రాజెక్టులన్నీ మూట సర్దుకోవాల్సొచ్చింది. సర్దుకోగలిగారంటే బయటికి తీసుకునే దారి ఉండబట్టే. కాకపోతే అలా ఇల్లు మారేటప్పుడు కావాల్సింది రంగులద్దిన షీటు కాదు. కామెంట్లు, చరిత్ర, జతచేసిన ఫైళ్ళతో సహా ఏపీఐ ద్వారా తీసిన పూర్తి కాపీ. మన కంపెనీల్లో శుక్రవారం షీటు తీసేవాళ్ళు బోలెడు, ఈ కాపీ తీసి పెట్టుకున్నవాళ్ళు ఎంతమందో చూడండి.

ఇంతసేపు తిట్టాను కాబట్టి, ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. నేనిప్పుడు పాటిస్తున్నవి ఇవి. కొత్తవేం కావు.

1. షీటు పంపితే దాని మొదటి వరసలో నాలుగు సంగతులు రాస్తాను: ఏ ఫిల్టర్, ఎన్ని గంటలకి తీసింది, ట్రాకర్లో మొత్తం ఎన్ని, షీటులో ఎన్ని. చివరి రెండు అంకెలు కలవకపోతే ఆ షీటు నా లాప్‌టాప్ దాటదు. మొత్తం గుండ్రంగా 500, 1000 అని వస్తే ముందు అనుమానించాలి, తర్వాతే సంతోషించాలి.

2. సీఎస్వీని డబుల్ క్లిక్ చెయ్యను. ఎక్సెల్లో డేటా మెనూలోంచి తెచ్చుకుని, ఇష్యూ నంబర్లు, వెర్షన్లు, తేదీలు అన్నీ ముందు టెక్స్ట్ అని చెప్తాను. యూటీఎఫ్-8 ఎంచుకుంటాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టనీ.

3. షీటులో ఎవరైనా స్టేటస్ మారిస్తే, "దయచేసి ట్రాకర్లో మార్చండి" అని జవాబిస్తాను, మేనేజరుకైనా సరే. మొదట్లో చిరాకు పడ్డాడు. ఇప్పుడు అలవాటైంది.

4. పేర్లున్న కాలమ్‌తో లెక్కలు తియ్యను. ఎవరెన్ని బగ్గులు, ఎవరెన్ని గంటలు అనే షీటు అడిగితే, "ఆ మనిషికి కూడా కాపీ పెట్టి పంపుతాను, పర్లేదా?" అని అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్న వేసినప్పటినుంచి అలాంటి షీట్లు అడగడం బాగా తగ్గింది. ఎందుకు తగ్గిందో మీకే వదిలేస్తున్నా.

నాలుగోది చెయ్యడానికి కాస్త ధైర్యం కావాలి, తెలుసు. ఈఎంఐలు ఉన్నవాడికి ధైర్యం అంత తేలిగ్గా రాదు, నాకూ ఉన్నాయి. కానీ గమనించండి, ఆ షీటు తీసేది మనమే. మేనేజరు తియ్యడు, హెచ్చార్ తియ్యరు, మాక్రో రాసేది మనం, బటన్ నొక్కేది మనం. మన చెయ్యి పడకుండా ఏ కరణం పుస్తకమూ నిండదు. "నాకేం తెలుసు, అడిగారు ఇచ్చాను" అనే మాట నేను కూడా నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే నప్పడం లేదు.

ఆమె ఇప్పుడు వేరే కంపెనీలో బాగానే ఉందని విన్నాను. మంచిది. అక్కడ కూడా శుక్రవారాలుంటాయి. అక్కడ బటన్ నొక్కే కుర్రాడెవడో నాకు తెలీదు. బహుశా అది మీరే కావచ్చు. అయితే ఒక్క మనవి: మెయిల్ కొట్టేముందు పివట్ అడుగున ఉన్న మొత్తం చూడండి.